పత్తిగింజల రంగు

గంటన్నర కాగానే టెస్ట్‌ట్యూబులో రంగు దిగింది.

అరుంధతి దాన్ని పట్టకారుతో పైకి తీసి, చెమ్మ తుడిచి, కిటికీ వెలుతురులో పట్టుకుని వెనకాల తెల్లకాగితం ఆనించింది. గులాబీ రంగే. కాళ్ళకు పెట్టుకున్న పారాణి మూడోనాటికి ఎంత మిగులుతుందో అంత. పోలికకోసం ఇంటినుంచి తెచ్చి పక్కన పెట్టిన నెయ్యి మాత్రం రెండో ట్యూబులో ఎప్పటిలాగే లేత పసుపుగా ఉంది. ఆమె రెండింటినీ చేతులు మార్చి మళ్ళీ చూసింది. కూరలో ఉప్పు కూడా రెండుసార్లు చూసే మనిషి ఆమె.

"వచ్చిందా మేడమ్?" అన్నాడు సామేలు, ముక్కుకు కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి. గంధకం కరిగించిన ద్రావకం కుళ్ళిన క్యాబేజీ వాసన కొడుతూ గదంతా పట్టేసింది. సామేలు ఆ లాబొరేటరీలో అటెండరు. ఇరవై ఏళ్ళుగా సీసాలు కడగడం, మంటలు వెలిగించడం, ఆర్పడం అతని పని.

"వచ్చింది."

"అయితె పాలామె పని అయిపోయినట్టే."

అరుంధతి ట్యూబులు రెండూ స్టాండులో పెట్టి, నోటుబుక్కులో టైము రాసుకుంది.

ఆడపిల్లల హాస్టలు వార్డెను ప్రమీలమ్మ గారు రెండు రోజుల కిందట ఒక సీసా పాలూ, ఒక ఉత్తరమూ పంపారు. కాచిన పాలు గ్లాసుల్లో పోస్తే పైన నూనె చుక్కలు తేలుతున్నాయని పిల్లలు గొడవ చేస్తున్నారు, పరీక్షించి చెప్పమని. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో అరుంధతి డిమాన్‌స్ట్రేటరు. నూనెలూ కొవ్వులూ ఆమె పరిశోధన. ప్రొఫెసర్ ఇన్నయ్య గారు ఆ ఉత్తరం తెచ్చి ఆమె బల్లమీద పెట్టి, "ఇది నీ పనే," అన్నారు. మొదట ఆమె పాలలో వెన్న ఎంతుందో చూసింది. నూటికి ఏడున్నర. హాస్టలుకు పోసే పాలలో ఇంత వెన్న ఎవరు వదులుతారు? అనుమానం అక్కడే మొలిచింది. వనస్పతి కలిపారేమోనని చూస్తే అది కాదని తేలింది. ఇక మిగిలింది పత్తిగింజల నూనె. మీగడ తీసి, చిలికి, కరిగించి, వడగట్టిన కొవ్వులో గంధకం ద్రావకం కలిపి, మరిగే ఉప్పునీళ్ళలో నిలబెడితే, ఆ నూనె నూటికి ఒక వంతున్నా ఎరుపు తిరుగుతుంది. తిరిగింది.

పాలలోంచి వెన్న తీసుకుని ఆ లోటును పత్తిగింజల నూనెతో పూడ్చారు, ఇది కల్తీ, అని అరుంధతి అరపేజీ రిపోర్టు రాసింది. ఇన్నయ్య గారు ట్యూబును ఒకసారి వెలుతురులో చూసి, కింద సంతకం పెట్టారు. సాయంత్రానికల్లా సామేలు ఆ కాగితాన్ని హాస్టల్లో ఇచ్చి వచ్చాడు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి హాస్టలు వెనక గుమ్మం దగ్గరికి రమ్మని ప్రమీలమ్మ గారు ఆమెకు కబురు పంపారు. పరీక్ష చేసినవాళ్ళు దగ్గరుంటే మంచిదన్నారు. అరుంధతి తార్నాకనుంచి నడిచి వచ్చేసరికి వంటగది వెనక పదిమంది దాకా ఉన్నారు. కూరగాయల బండి ఆమె, గుడ్లు తెచ్చేవాడు, వేరే హాస్టళ్ళకు పాలు పోసేవాళ్ళు ముగ్గురు. పైన వరండాలో బ్రష్షులు నోట్లో పెట్టుకుని పిల్లలు. నేలమీద రెండు పాలక్యాన్లు, వాటి పక్కన చీర కుచ్చెళ్ళు పైకి దోపుకున్న నలభై అయిదేళ్ళ మనిషి. ఆమే బాలలక్ష్మి. లాలాపేటలో ఎనిమిది బర్రెలున్నాయి. వెనక సైకిలు పట్టుకుని ఆమె భర్త మల్లన్న నిలబడ్డాడు.

"రిపోర్టు వచ్చింది బాలలక్ష్మీ," అన్నారు ప్రమీలమ్మ గారు. "నీ పాలల్లో నూనె ఉన్నదట."

"ఏం నూనె అమ్మా?"

"పత్తిగింజల నూనె."

బాలలక్ష్మి మొగుడి మొహం చూసింది. అతను ఆమె మొహం చూశాడు. "నేనెందుకు పోస్తనమ్మా నూనె? నా ఇంట్ల కూరకే నూనె సరిపోతలేదు."

కూరగాయల ఆమె కిసుక్కున నవ్వింది. ప్రమీలమ్మ గారు నవ్వలేదు. "ఇక్కడ వద్దంటే తీసుకుపోయి ఇంకో చోట పోస్తావు. వీరస్వామీ, పారబోసెయ్."

వంటమనిషి వీరస్వామి ఒక్క క్షణం ఆగి, పంచె ఎగ్గట్టి, మొదటి క్యాను వంచాడు. పాలు మోరీ కాలువలో పడి, నురగ కక్కుతూ, మందార చెట్ల మొదళ్ళదాకా పోయాయి. ఎక్కడినుంచో రెండు కుక్కలు వచ్చాయి. రెండో క్యాను వంచేటప్పుడు అతను అటువైపు చూడకుండా వంచాడు. బాలలక్ష్మి అరవలేదు, అడ్డం పడలేదు. క్యాను అంచునుంచి కారుతున్న చివరి పాలను అరచేత పట్టి, నాలుకతో అద్దుకుని, ఆ చెయ్యి ప్రమీలమ్మ గారి ముందు చాపింది.

"నూనె ఏడున్నది అమ్మా? చూపియ్యి."

"అట్లా నాలుకకు తెలియదు. చదువుకున్నవాళ్ళు చూసి చెప్పారు."

"ఎవరు చూసిన్రు?"

ప్రమీలమ్మ గారు లోపలికి వెళ్ళిపోయారు. అరుంధతి స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆమెను ఎవరూ చూపించలేదు. ఆమె తనంత తాను ముందుకు రాలేదు.

*

శుక్రవారం సాయంత్రం అరుంధతి ఇంటి గేటు ముందు బాలలక్ష్మి నిలబడింది. తార్నాకలో వెనక సందులో రెండు గదుల పోర్షను అది. అరుంధతీ, ఆమెను చదివించిన పెద్దమ్మా ఇద్దరే ఉంటారు. పెద్దమ్మ బియ్యం చెరుగుతూ చేట పక్కన పెట్టి, లోపలికి వచ్చి కూర్చోమంది. బాలలక్ష్మి లోపలికి రాలేదు. మెట్టుమీద కూర్చుంది.

"సీసాల పోసి చూసిన అమ్మవు నువ్వేనా?"

"నేనే."

"వీరస్వామి చెప్పిండు. నిన్న పొద్దుగాల్ల స్తంభం కాడ నిలబడ్డది నువ్వే కదా."

అరుంధతి తల ఊపింది.

"నిన్ను తిట్టనీకి రాలే. తిడితె పోయిన పేరు వస్తదా? ఈ తార్నాకల పదకొండు ఇండ్లకు పోస్తుంటి. నిన్న నాలుగిండ్లు వద్దన్నరు. ఇయ్యాల ఇంకో మూడు. వద్దంటె వద్దనని, గని మొగం చూస్తలేరమ్మా. దర్వాజ సందుకెల్లి చెయ్యి ఊపుతున్నరు. మా అత్త కాలంకెల్లి పోస్తున్న ఇండ్లు అవి."

"పరీక్షలో రంగు వచ్చింది బాలలక్ష్మీ. నా కళ్ళతో నేను చూశాను. లేనిది రాయలేదు."

"నువ్వు చూసింది సీసాల. నా కొట్టంల చూసినవా?"

"చూడలేదు," అంది పెద్దమ్మ వెనకనుంచి.

అరుంధతి వెనక్కి తిరిగి చూసింది. పెద్దమ్మ చేట అందుకుని రాళ్ళు ఏరుకుంటున్నది.

"రేపు పొద్దుగాల్ల రా," అంది బాలలక్ష్మి. "గిన్నె నీదే తెచ్చుకో. నాది ముట్టుకోకు. నీ కండ్ల ముందల పిండుత. ఆ పాలు ఉడకబెట్టుకో, ఉప్పుల పెట్టుకో, ఏం చేసుకుంటవో చేసుకో. ఎర్రగైతె నీ గడప మల్ల తొక్క. హాస్టలు మొగం చూడ. అటెన్క బర్రెలను అమ్ముకుంట, పోత."

ఆమె లేచి, కూర్చున్న మెట్టును కొంగుతో తుడిచి వెళ్ళిపోయింది.

"ఆ తుడుచుడు ఎందుకే?" అంది పెద్దమ్మ. "మట్టి మనిషి అనుకుంటరనా?"

అరుంధతి ఆ రాత్రి అన్నంలో పాలు పోసుకోలేదు.

*

యాసిడ్‌తో కడిగి ఆరబెట్టిన సీసా సంచిలో పెట్టుకుని, శనివారం తెల్లవారగానే అరుంధతి లాలాపేటకు నడిచింది. కొట్టం రేకులది. కింద బండలు పరిచి ఉన్నాయి. మూత్రం కాలువ, చుట్టలు చుట్టిన గడ్డి, ఒక మూల రుబ్బురోలు. రోట్లో నూగుతో కలిసిన బూడిదరంగు ముద్ద ఏదో ఉంది. ఆమె చీర అంచు దానికి తగలకుండా ఎత్తిపట్టుకుని దాటింది.

బాలలక్ష్మి పెద్ద బర్రె ముందు దూడను వదిలింది. దూడ నాలుగు గుక్కలు తాగి, మూతితో పొదుగును పొడిచింది. బర్రె పాలు చేపగానే దూడను పక్కకు లాగి కట్టేసింది. పొదుగు కడిగి, చేతులు కడిగి, చేతులు రెండూ బోర్లా తిప్పి వెల్లకిలా తిప్పి అరుంధతికి చూపించింది. ఆ తర్వాత గొంతుక్కూర్చుని, పిడికిలి బిగించి లాగింది. సీసా మూతి ఇరుకు కాబట్టి అరుంధతే వంగి పట్టుకుంది. మొదటి ధార ఆమె మణికట్టుమీద పడింది. వేడిగా ఉంది. సీసా నిండాక మూత బిగించి, మైనం కరిగించి అంటించి, మీద తేదీ రాసింది.

"ఏమన్న కలిపిన్నా?" అంది బాలలక్ష్మి.

"లేదు."

"చాలు. పో."

ఆరోజు లాబొరేటరీలో క్లాసులు లేవు. అరుంధతి మీగడ విడదీసింది, చిలికింది, కరిగించింది, వడగట్టింది. ద్రావకం కొత్తగా చేసుకుంది. సామేలు ఉప్పునీళ్ళు మరిగించి, మంట దగ్గరికి ద్రావకం సీసా రాకుండా దూరంగా జరిపి, స్టూలుమీద కూర్చున్నాడు. గంట గడిచింది. గంటంబావు. ఆమె ఈసారి ట్యూబును పైకి తీయడానికి తొందరపడలేదు. రంగు రాకూడదని కోరుకుంటూ ట్యూబు ముందు కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి.

వచ్చింది. మొన్నటికంటే కాస్త ముదురుగానే వచ్చింది.

ఆమె ఇంటి నెయ్యి ట్యూబు తీసి చూసింది. పసుపే. ద్రావకంలో తప్పు లేదు. సీసాలో తప్పు లేదు. తన మణికట్టుమీద పడిన పాలే అవి. బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"మేడమ్, ఒకటంటె ఏమనుకోరు కదా?" అన్నాడు సామేలు.

"చెప్పు."

"మా ఊర్ల మేకలు వేపాకు మేస్తె పాలు చేదైతయి. ఆ చేదు ఎవరు కలిపిన్రంటరు?"

అరుంధతి అతనివైపు తిరిగింది. ఆమె కళ్ళముందు ట్యూబు లేదు, రుబ్బురోలు ఉంది. నూగుతో కలిసిన బూడిదరంగు ముద్ద.

"ఈ మాట మొన్ననే ఎందుకు చెప్పలేదు సామేలూ?"

"మీరు నూనె అన్నరు. నేను గూడ నూనె అనుకున్న. నడుమ బర్రె ఉన్నదని ఎవరన్నరు?"

సాయంత్రం పాలు పిండే వేళకు ఆమె మళ్ళీ లాలాపేటలో ఉంది. ఈసారి రెండు సీసాలు తెచ్చింది. బాలలక్ష్మి పొదుగు కడుగుతూ తలెత్తింది.

"ఎర్రగైందా?"

"అయింది."

పొదుగుమీద ఆమె చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు వేళ్ళమీదినుంచి జారి బండమీద పడ్డాయి.

"నీ ముందలనే కదమ్మా పిండిన."

"అందుకే మళ్ళీ వచ్చాను. ఆ రోట్లో ఉన్నదేమిటి?"

"పత్తిగింజలు. నానబోసి రుబ్బి పెడత. లేకుంటె పాలకు చిక్కదనం ఏడికెల్లి వస్తది? వట్టి గడ్డేసేటోళ్ళ పాలు చూడు, గ్లాసుల ఏలు పెడితె కనబడతది."

"అన్ని బర్రెలకూ పెడతావా?"

"ఆ మూలకున్నదానికి పెట్ట. ఈని ఇరవై నాలుగు దినాలు. ఈనినంక నెల్రోజులు దానికి పత్తిగింజలు చూపియ్యం, అరగదు. జొన్న అంబలి, బెల్లం, గడ్డి. మా అత్త చెప్పిన పద్ధతి."

అరుంధతి ఒక సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది. "అయితే ఇందులో దాని పాలు పిండు. ఇంకోదాంట్లో పొద్దుటి బర్రెవి."

"రెండూ ఎందుకు?"

"కొట్టం ఒక్కటే, చెయ్యి ఒక్కటే. తిండి ఒక్కటే వేరు. రంగు దేనికి వస్తుందో చూడాలి."

బాలలక్ష్మికి అంతా అర్థమైందో లేదో గానీ, లేచి మూలనున్న బర్రె దగ్గరికి వెళ్ళింది. వెళ్తూ, "రంగు రానిదే మంచిదైతె," అంది, "నా బర్రెలల్ల గిదొక్కటే మంచిదన్నట్టు. బాలింతది."

*

ఆదివారం సామేలు చర్చికి పోతాడు. లాబొరేటరీ తాళం అతని దగ్గరే. సోమవారందాకా ఆగితే పాలు విరుగుతాయి. అరుంధతి వంటింట్లో రెండు తపేలాల్లో పాలు వేరువేరుగా పోసి రాత్రంతా నీళ్ళ గిన్నెలో నిలిపి, తేలిన మీగడ వేరువేరు సీసాల్లోకి తీసింది. వేరే గరిటె, వేరే గుడ్డ. సీసాలకు దారాలు కట్టింది, బాలింత బర్రెదానికి తెల్లది, పొద్దుటి బర్రెదానికి నల్లది.

"మడి కంటె ఎక్కువైంది నీ యవ్వారం," అంది పెద్దమ్మ. అన్నా, ఒక సీసా తీసుకుని తనే గలగలా ఊపడం మొదలుపెట్టింది. అరుంధతి రెండోది ఊపింది. వెన్న పడ్డాక చన్నీళ్ళతో కడిగి రెండు ముద్దలూ రెండు గిన్నెల్లో పెట్టారు. పెద్దమ్మ బొటనవేలితో ఒకదాన్ని నొక్కింది. చెయ్యి కడుక్కుని రెండోదాన్ని నొక్కింది.

"ఇది గట్టిది. అది మెత్తది."

అరుంధతి కూడా నొక్కి చూసింది. నల్లదారం ముద్ద మైనంలా నిలిచింది. తెల్లదారం ముద్దలోకి వేలు దిగిపోయింది.

"పత్తిగింజలు తిన్న బర్రె వెన్న గిట్లనే గట్టిగ ఉంటది," అంది పెద్దమ్మ. "మా అత్తగారింట్ల ఎండకాలం గూడ కరిగేది కాదు. నీ ఉప్పునీళ్ళు ఎందుకే దీనికి?"

"నువ్వు చెబితే ఎవరు నమ్ముతారు పెద్దమ్మా?"

"నువ్వు చెబితె నమ్మిన్రు కదా," అంది పెద్దమ్మ, మామూలుగానే. గిన్నెలమీద మూతలు పెట్టి వెళ్ళిపోయింది.

సోమవారం మధ్యాహ్నానికి రెండు ట్యూబులూ స్టాండులో పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటి గులాబీ. ఒకటి లేత పసుపు. అరుంధతి స్టాండుతో సహా ఇన్నయ్య గారి గదిలోకి తీసుకువెళ్ళి బల్లమీద పెట్టి, జరిగింది మొదటినుంచి చెప్పింది. తాను స్తంభం పక్కన నిలబడిందీ చెప్పింది. ఇన్నయ్య గారు అంతా విన్నాక లేచి, బీరువాలోంచి లావాటి పుస్తకం తీసి, ఆ పరీక్ష ఉన్న పేజీ తెరిచారు. పేజీ తిప్పారు. వెనక పేజీలో, పద్ధతి అంతా అయిపోయాక, చిన్న అక్షరాలలో రెండు లైన్లున్నాయి. పత్తిగింజల పిండి తిన్న పశువుల కొవ్వు కూడా ఈ రంగు ఇవ్వవచ్చు.

"చదివే ఉంటాం," అన్నారు ఆయన.

"చదివితే ఆగేవాళ్ళం సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒక రిపోర్టు బయటికి పోయాక వెనక్కి తీసుకోవడం ఆయన ఉద్యోగంలో ఎప్పుడూ జరగలేదు. ఆ మాటే అన్నారు. అరుంధతి స్టాండు తీసుకోలేదు, కదలలేదు.

"రాయి," అన్నారు చివరికి. "కల్తీ లేదని స్పష్టంగా రాయి. మొదటిదానిమీద సంతకం నాది. దీనిమీదా పెడతాను."

ప్రమీలమ్మ గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. మనిషి చెడ్డది కాదు. నూటపది మంది ఆడపిల్లల తల్లిదండ్రులకు జవాబు చెప్పాల్సిన మనిషి. అంబర్‌పేటనుంచి కొత్తగా పాలు పోస్తున్నవాడి పాలమీద మూడు రోజులుగా మీగడే కట్టడంలేదని వీరస్వామి సణుగుతున్నాడు కూడా.

"సరే, మళ్ళీ తెమ్మనండి," అన్నారు. "జరిగిందేదో జరిగింది."

*

కాగితం నకలు పట్టుకుని అరుంధతి ఆ సాయంత్రమే లాలాపేట వెళ్ళింది. బాలలక్ష్మి పేడచేతులు కడుక్కుని వచ్చి, "సదివి చెప్పమ్మా, నాకు రాదు," అంది. అరుంధతి ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్పింది. మల్లన్న గడ్డి వేయడం ఆపి విన్నాడు. అంతా అయ్యాక బాలలక్ష్మి కాగితాన్ని తీసుకుని, మడిచి, మళ్ళీ అరుంధతి చేతికే ఇచ్చింది.

"మంచిగ రాసినవ్."

"రేపటినుంచి పాలు తెమ్మన్నారు."

"పాలు పారబోసుడు పదిమంది చూసిన్రు. గీ కాయితం ఎవరు చూస్తరు? అమ్మగారు మేజ సొరుగుల పెట్టుకుంటది."

"మరి ఏం చెయ్యమంటావు?"

"పారబోసిన కాడ చెప్పు. గదే టైముకు. నువ్వే చెప్పు."

అరుంధతి అరవైమంది విద్యార్థుల ముందు గంటసేపు మాట్లాడగలదు. బల్లకు ఇవతల నల్లబోర్డు ఉంటుంది, చేతిలో సుద్దముక్క ఉంటుంది. వంటింటి వెనక మోరీ పక్కన నిలబడి, కూరగాయల ఆమె ముందు, వేరే పాలవాళ్ళ ముందు, రేపు తన క్లాసులో కూర్చోబోయే పిల్లల ముందు ఏమని మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

"ఇన్నయ్య సారు చెప్తే..." అంది.

"ఆ సారు నా కొట్టానికి వచ్చిండా? నువ్వొచ్చినవ్. నీకు తెల్సు."

మల్లన్న గొంతు సవరించుకుని, "పోనియ్యరాదు," అన్నాడు మెల్లగా. బాలలక్ష్మి అతనివైపు చూడనైనా లేదు.

"ఎల్లుండి వస్తాను," అంది అరుంధతి.

"ఎల్లుండి ఎందుకు? రేపే రా. రేపు గూడ ఆరు గొడతది."

ఇంటికి వచ్చి చెబితే పెద్దమ్మ, "ఏ చీర కట్టుకుంటవు?" అని అడిగింది. అరుంధతికి కోపం వచ్చింది. తర్వాత నిజంగానే ఆలోచించి, క్లాసుకు కట్టుకునే తెల్ల నూలు చీరే తీసి పెట్టుకుంది.

ఆరింటికి హాస్టలు వెనక అంతా మామూలుగా ఉంది. కూరగాయల ఆమె వంకాయలు తూస్తున్నది. అంబర్‌పేట పాలతను తన క్యాను దింపుతున్నాడు. ప్రమీలమ్మ గారు అరుంధతిని చూసి, "మీరెందుకమ్మా ఇంత పొద్దున్న?" అంటూనే, గేటులోంచి సైకిలు రావడం చూసి ఆగిపోయారు. మల్లన్న సైకిలు ఆపి, రెండు క్యాన్లూ తనే దింపి, మోరీ పక్కన, ఆనాడు ఉన్నచోటే పెట్టాడు. బాలలక్ష్మి చేతులు కట్టుకుని నిలబడింది. తూకం ఆగింది. పైన వరండాలో నీళ్ళ చప్పుడు ఆగింది.

అరుంధతి స్తంభం దాటి ముందుకు వచ్చింది.

"గురువారం నాడు ఇక్కడ పారబోసిన పాలను పరీక్ష చేసింది నేను," అంది.

"జర గట్టిగమ్మా," అంది బాలలక్ష్మి. "పైనోళ్ళకు ఇనపడలే."

అరుంధతి తల పైకెత్తి మళ్ళీ మొదలుపెట్టింది. "గురువారం ఇక్కడ పారబోసిన పాలను పరీక్ష చేసింది నేను. వాటిల్లో నూనె కలిపారని రాశాను. కలపలేదు. ఈమె బర్రెలకు పత్తిగింజలు పెడుతుంది. అందుకు ఆ రంగు వచ్చింది. పత్తిగింజలు తినే ఏ బర్రె పాలకైనా వస్తుంది. పైన తేలింది వెన్న. నేను కొట్టానికి వెళ్ళి చూడకుండా రాశాను. తప్పు నాది. ఆ పాలు మంచివి."

వరండాలో ఒక పిల్ల నోట్లోంచి బ్రష్షు తీసి, పక్కపిల్ల చెవిలో ఏదో అంది. అంబర్‌పేట పాలతను తన క్యానుమీద మూత సరిచేసుకున్నాడు. కూరగాయల ఆమె, "నేను ముందే అనుకున్న," అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

"సరే సరే, అయిపోయింది కదా," అన్నారు ప్రమీలమ్మ గారు. ఆవిడ మొహం ఎర్రబడింది. "వీరస్వామీ, ఈమె పాలు లోపలికి తీసుకో."

వీరస్వామి నడుం వంచి, రెండు చేతులతో క్యాను పట్టి బలంగా ఎత్తాడు. అది ఒక్కసారిగా భుజందాకా లేచి వచ్చింది. అతను వెనక్కి తూలి నిలదొక్కుకున్నాడు.

"ఇదేంది, ఖాళీది?"

"పాలు పోసొచ్చిన," అంది బాలలక్ష్మి. "నన్ను వద్దనని నాలుగిండ్లకు. ఇయ్యాల ఇననీకి వచ్చిన."

అతను క్యానును దింపలేక, పట్టుకోలేక నిలబడ్డాడు. బాలలక్ష్మి దాన్ని అతని చేతిలోంచి తీసుకుని మల్లన్నకు ఇచ్చింది. మల్లన్న సైకిలుకు తగిలించాడు.

"మరి రేపు?" అన్నారు ప్రమీలమ్మ గారు.

"బర్రెలకు పత్తిగింజలు బంద్ చెయ్యనమ్మా. గా రంగు వస్తనే ఉంటది. మల్ల ఎవలన్న సీసాల పోసి చూస్తరు, మల్ల వస్తది. వస్తదని తెల్సి తీస్కుంటమంటె తెస్త. లేకుంటె వద్దు."

ప్రమీలమ్మ గారు అరుంధతివైపు చూశారు, ఏం చెప్పమంటావన్నట్టు. అరుంధతి చూపు తిప్పుకోలేదు గానీ నోరు విప్పలేదు. తను చెప్పవలసింది చెప్పేసింది. ఇది ఆవిడ చెప్పవలసింది.

బాలలక్ష్మి రెండో క్యాను ఎత్తి చంకలో పెట్టుకుని ఎదురుచూస్తున్నది. తొందరేమీ లేనట్టుంది.

ప్రమీలమ్మ గారు కొంగు భుజంమీద సర్దుకున్నారు.

"తెలిసే తీసుకుంటాం, తీసుకురా," అన్నారు. పైన వరండాలో ఉన్నవాళ్ళకు కూడా వినపడేటట్టే అన్నారు.